మినమాటా: రెండు మార్కుల ప్రశ్న వెనక ఉన్న కథ

డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ చదివినవాళ్లకి ఈ రెండు మార్కుల ప్రశ్న గుర్తుండే ఉంటుంది. మినమాటా వ్యాధికి కారణం ఏమిటి? జవాబు: పాదరసం. నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నా. కథ అంతే అనుకున్నా. కానీ అది ఇంకా నడుస్తూనే ఉంది.

2024 మే 1. జపాన్‌లోని క్యూషూ దీవిలో ఉన్న మినమాటా. ఆ వ్యాధితో చనిపోయినవాళ్లకి నివాళి అర్పించాక, పర్యావరణ మంత్రితో బాధితుల సమావేశం. ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ఒక పెద్దాయన చనిపోయిన తన భార్య గురించి చెప్పుకుంటున్నారు. టైమ్ దాటింది. అధికారులు మైక్ కట్ చేసేశారు! విమర్శలు వెల్లువెత్తాయి. వారం తర్వాత మంత్రి స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పారు.

ఆ మైక్ విలువ తెలియాలంటే మనం వెనక్కి వెళ్లాలి.

మినమాటాలో చిస్సో అనే కెమికల్ ఫ్యాక్టరీ ఉండేది. 1932 నుంచి అక్కడ ఎసిటాల్డిహైడ్ తయారీలో పాదరసం వాడారు. ఆ ప్రక్రియలో పుట్టిన మిథైల్ మెర్క్యురీ వ్యర్థ జలాలతో సముద్రంలో కలిసింది. అక్కడి నుంచి చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి. ముందు పిల్లులు వణుకుతూ, గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. తర్వాత పసిపిల్లలకి కాళ్లూ చేతులూ పడిపోయాయి, మాట పోయింది. 1956 మే 1న ఫ్యాక్టరీ ఆసుపత్రి నుంచే ఈ వింత జబ్బు గురించి అధికారులకి రిపోర్ట్ వెళ్లింది. నివాళి ఆ తేదీనే జరగడానికి కారణం ఇదే.

1959లో అదే ఆసుపత్రి డాక్టర్ హొసొకావా హాజిమే ఒక పిల్లికి ఫ్యాక్టరీ వ్యర్థ జలం కలిపిన తిండి పెట్టి చూశారు. దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి రానివ్వలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో బాధితులతో ఒక ఒప్పందం చేసుకుంది. చనిపోయినవాళ్లకి 3 లక్షల యెన్‌లు. తప్పు ఫ్యాక్టరీదే అని రేపు తేలినా ఇక ఏమీ అడగకూడదని షరతు! 1973లో కోర్టు ఆ ఒప్పందం చెల్లదని తేల్చింది. కానీ ఆ ఉత్పత్తి 1968 దాకా ఆగనే లేదు. అప్పుడు ఆగింది కూడా ఆ పద్ధతి పాతబడిపోయింది కాబట్టి.

మరి ఊరు ఎందుకు ఊరుకుంది? ఉద్యోగాలు, పన్నులు అన్నీ ఆ ఫ్యాక్టరీవే. నోరెత్తిన జాలర్లనే ఊరికి శత్రువుల్లా చూశారు. అంటువ్యాధి అనుకుని బాధితుల ఇళ్లకి దూరంగా తిరిగారు. బయటికెళ్తే తమది మినమాటా అని చెప్పుకోడానికే జనం భయపడ్డారు.

విషపు బురద తవ్వి, సముద్రాన్ని పూడ్చే పని 1990లో పూర్తయింది. 1993 నుంచి ఇంటింటి చెత్తని సుమారు 20 రకాలుగా వేరుచేయడం మొదలుపెట్టారు. 2008లో జపాన్ ప్రభుత్వం దీన్ని పర్యావరణ ఆదర్శ నగరంగా ఎంపిక చేసింది. పాదరసాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందానికి కూడా ఈ ఊరి పేరే పెట్టారు. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం 1994 మే 1. ఆ రోజు మేయర్ యొషీ మసజుమి బాధితులకి క్షమాపణ చెప్పారు. తెగిన బంధాలు కలుపుకునే ఆ ప్రయత్నాన్ని అక్కడ 'మొయాయ్ నావొషి' అంటారు. మొయాయ్ అంటే పడవలని ఒకదానికొకటి తాళ్లతో కట్టడం.

కట్టిన ముడి మళ్లీ వదులవుతుందని 2024లో ఆ మైక్ గుర్తుచేసింది. చెత్త 20 రకాలుగా వేరుచేయడం నేర్చుకోవచ్చు ఫ్రెండ్స్. నష్టపోయినవాళ్లు చెప్పేది చివరిదాకా వినడం అంతకంటే కష్టం. ఇప్పుడు ఆ రెండు మార్కుల ప్రశ్న వస్తే నేను పాదరసం అని రాసి, పక్కన ఇంకో మాట చేరుస్తా: మౌనం.

మీ ఊళ్లో చెరువు రంగు మారితే ముందుగా మాట్లాడింది ఎవరు? వాళ్లకి ఏమైంది? కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.