శ్రీరామదండు

చీరాల-పేరాల యుద్యమమును ముచ్చటించువారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వాగ్ధాటిని, సాహసమును తప్పక కొనియాడుదురు గాని, ఆయన వెంట నడచిన యువకుల దండును రెండు మాటలతో దాటిపోవుదురు. వేలకొలది జనము ఇండ్లు వాకిండ్లు విడిచి నెలల తరబడి ఆరుబయట నిలువగలిగెనన్న, అందులో ఆ దండు చేసిన పరిచర్య యెట్టిదో విచారింపదగియున్నది.

1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి, ఆనంద కుమారస్వామితో గూడి నందికేశ్వరుని అభినయదర్పణము నాంగ్లీకరించిన ఈ పండితుడు, స్వదేశమునకు మరలి, రాజమహేంద్రవరమునను బందరు జాతీయ కళాశాలయందును ఉపాధ్యాయుడై, యే కొలువునందును చిరకాలము నిలువక, తుదకు చీరాలను తన కార్యక్షేత్రముగా నెన్నుకొనెను. సీమచదువు చదివినను, సేవాదళమునకు ఆదర్శము వెదకుటకై ఆయన సీమవంక చూడలేదు. రామమందిరము లేని పల్లె యరుదైన దేశమున, వారధి గట్టిన వానరసేన స్ఫురించునట్లు తన దళమునకు శ్రీరామదండని పేరిడి, కాషాయవస్త్రమును నుదుట కుంకుమను దానికి చిహ్నములుగా నేర్పరచెను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, గాంధీజీని దర్శింప వెల్లువగా వచ్చిన జనసమ్మర్దమును అదుపులో నుంచినవారు ఈ దండువారే.

అసలు పరీక్ష చీరాలలో నెదురయ్యెను. చీరాల, పేరాల గ్రామములను గలిపి ప్రభుత్వము పురపాలకసంఘము నేర్పరుపగా పన్నులు పెక్కురెట్లు పెరిగెను; నేతపనివారును చిన్నరైతులును అధికముగా గల యూళ్లకు అది మోయరాని భారమయ్యెను. ఏప్రిల్ 6న అచటికి వచ్చిన గాంధీజీ, పన్ను నిరాకరించి శిక్షల కోర్చుటయో, పురపాలకసంఘపు ఎల్లలు దాటి వలసపోవుటయో అను రెండు మార్గములు చూపగా, జనము రెండవదానిని వరించెను. సుమారు 15,000 జనములో 13,000కు పైబడినవారు నడివేసవిలో కదలి, పొలిమేర కావల రామనగరమను పేర పాకలు వేసికొనిరి. రాత్రికి రాత్రి పుట్టిన యూరికి కావలి కావలెను, తగవులు తీరవలెను, దిక్కులేనివారికి దిక్కు కావలెను. ఆ భారమునకు భుజమొగ్గినది దండు. నిన్నటివరకు పెద్దల మాటకు తలయూచిన పడుచువాడు నేడొక వీధికి పూచీదారయ్యెను. అతని మాటకు విలువ తెచ్చినది అతడు చేసిన చాకిరియే.

రమారమి పదునొకండు మాసములు ఆ జనము నిలిచెను. నడుమ గోపాలకృష్ణయ్యగారు బరంపురమున నిర్బంధితులై ఏడాది కారాగారవాసమునకు పోగా, కష్టములతో డస్సిన ప్రజలు క్రమముగా తమ యిండ్లకు మరలిరి. విడుదలయైన పిమ్మట ఆయన బహుకాలము జీవింపలేదు. క్షయవ్యాధి 1928 జూనులో ఆయనను కబళించెను.

దండునకు సేవానియమము పుష్కలముగ నుండినను, నాయకత్వము మాత్రము ఒక్కని కంఠమునందే నిలిచిపోయెనని నాకు తోచును. నేడు యువజనులను సమాజసేవకు పిలుచు పెద్దలు ఆ యుద్యమమునుండి ఈ రెండును గ్రహింపవలెను. ఉపన్యాసములతో ఊదరపెట్టుటకు బదులు ఊరిపని నొకదానిని పూర్తిగా యువకుల చేతిలో బెట్టి, తప్పొప్పులకు వారినే బాధ్యులను జేయుట మొదటిది. తాము లేనినాడు ఆ పనిని నిర్ణయించి నడుపగల అధికారమును తాముండగనే వారికి పంచియిచ్చుట రెండవది. మొదటిదానిని గోపాలకృష్ణయ్యగారు చేసి చూపిరి. రెండవదానికి కాలము ఆయనకు వ్యవధి నీయలేదు.