వెనిస్ నాణేలు, వెనిస్ కొలతలు

వెనిస్ బంగారు నాణెమైన దుకాతో 1284లో, డోజ్ (గణతంత్ర అధిపతి) జొవాన్ని దాండొలో హయాంలో మొదలైంది. ఫ్లోరెన్స్ 1252లోనే ఫ్లోరిన్ వేసింది; వెనిస్ దాదాపు అదే బరువు పాటించింది. బరువు సుమారు మూడున్నర గ్రాములు, ఇంచుమించు మేలిమి బంగారం. ఒకవైపు సెయింట్ మార్క్ ముందు మోకరిల్లిన డోజ్, రెండోవైపు క్రీస్తు. 1797లో గణతంత్రం కూలేవరకు, అంటే అయిదు శతాబ్దాలకు పైగా, బొమ్మా బరువూ దాదాపు మారలేదు. డోజ్ పేరే మారేది. తర్వాతి కాలంలో దాన్ని జెక్కీనో అన్నారు. సెయింట్ మార్క్ చౌకు పక్కన నీటి ఒడ్డున వాస్తుశిల్పి సాన్సోవినో కట్టిన జెక్కా, అంటే టంకశాల, ఆ పేరుకు మూలం.

మిరియాల వ్యాపారం వెంట ఈ నాణెం చాలా దూరం వెళ్లింది. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికోలో దె కాంతి, భారతదేశంలో కొన్నిచోట్ల వెనిస్ దుకాతోలు చెల్లుతాయని చెప్పాడు. వరహా బరువు కూడా దుకాతోకు దగ్గరే, సుమారు 3.4 గ్రాములు.

ఊళ్లో లెక్క మాత్రం లీరాల్లో నడిచేది: లీరాకు 20 సోల్దోలు, సోల్దోకు 12 దెనారోలు. లీరా చాలాకాలం పద్దు పుస్తకాల్లోని మాటే. నాణెంగా వేసింది 1472లో, నికోలో త్రోన్ డోజ్‌గా ఉండగా.

పరాయివాడి నమ్మకం కోసం నాణేన్ని అంత పట్టుదలగా కాపాడిన ఊరు, బజారులో కొలతను సరుకును బట్టి మార్చింది. ఉన్ని బట్ట కొలిచే మూర సుమారు 68 సెంటీమీటర్లు, పట్టు కొలిచేది సుమారు 64. తూకానికీ రెండు లీబ్రాలు: బరువు సరుకులకు సుమారు 477 గ్రాములది, సుగంధ ద్రవ్యాల వంటి వాటికి సుమారు 301 గ్రాములది. కొత్తగా వచ్చిన కొనుగోలుదారుకు ఇది చిక్కే.

ఇటలీ రాజ్యం 1861లో మీటరు పద్ధతిని చట్టం చేసింది. వెనిస్ 1866లో రాజ్యంలో చేరింది. కాంపో సాంతా మార్గెరీతాలోని చలువరాతి ఫలకం, అమ్మదగిన చేపల కనీస పొడవులను సెంటీమీటర్లలోనే చెబుతుంది. లీరా అనే పేరు మాత్రం ఆ పాత కొలతల కన్నా ఎక్కువ కాలం నిలిచింది. 2002లో ఇటలీ లీరా చలామణి నుంచి తప్పుకున్నప్పుడు మారకం రేటు యూరోకు 1936.27 లీరాలు.