కాపడం – వాత: గుర్రపు వీపు నొప్పి చికిత్సలో వేడి చరిత్ర

గుర్రపు వైద్య చరిత్ర రాసేవారు ‘ఉష్ణ చికిత్స’ అనే ఒకే మాట కింద రెండు భిన్న ప్రక్రియలను కలిపేయడం పరిపాటి. ఒకటి కాపడం, రెండోది వాత. మొదటిది బిగిసిన కండరాన్ని సడలిస్తుంది. రెండోది కాల్చిన ఇనుముతో చర్మాన్ని దహిస్తుంది. తెలుగు వాడుకలో వీటికి వేర్వేరు పేర్లున్నా పరిశోధనల్లో ఆ భేదం చెరిగిపోవడం వింతే.

ఆయుర్వేదం ఈ విభజనను స్పష్టంగా పాటించింది. సుశ్రుతుడు స్వేదాన్ని తాపం, ఊష్మం, ఉపనాహం, ద్రవం అని నాలుగు విధాలుగా చెప్పాడు. వేడి చేసిన వస్తువుతో కాచడం, ఆవిరి పట్టడం, వెచ్చని ముద్ద కట్టడం, వేడి ద్రవంతో తడపడం అని వీటిని స్థూలంగా చెప్పుకోవచ్చు. అగ్నికర్మను ఆయన వేరే అధ్యాయంలో పెట్టాడు. స్తంభం, గౌరవం, శీతం ఉన్నచోట స్వేదం హితమనీ, పిత్త, రక్తపిత్త వికారాల్లో కూడదనీ చరక సంప్రదాయం. ఇవన్నీ మనుషులకు చెప్పినవే. అయితే శాలిహోత్రుని పేరిట సాగిన అశ్వశాస్త్రం కూడా ఇదే త్రిదోష చట్రాన్ని స్వీకరించింది. కౌటిల్యుడు అశ్వాధ్యక్ష ప్రకరణంలో గుర్రపు వైద్యుల విధులను ప్రస్తావించాడు. కాకతీయుల కాలపు ‘సాహిణి’ బిరుదు, మనుమంచిభట్టు హయలక్షణ విలాసము ఈ విద్యకు తెలుగు నేలలో ఉన్న ఆదరణకు సాక్ష్యాలు.

యూరపులో వాతకే ప్రతిష్ఠ ఎక్కువ. అక్కడి పశువైద్యులు ప్రధానంగా కాళ్ళ స్నాయువులపై గీతలుగానో చుక్కలుగానో కాల్చేవారు. సుశ్రుతుడు చెప్పిన దహన భేదాల్లోనూ బిందువు, విలేఖ ఉన్నాయి. ఈ పోలికను బట్టి ఒకరి నుంచి మరొకరు గ్రహించారనడం తొందరపాటు. ఎర్రగా కాల్చిన ఇనుముతో ఎవరు చేసినా మిగిలేవి చుక్కలు, గీతలే.

వీపు విషయంలో అసలు ప్రశ్న జీనుది. జీను నొక్కినచోట రక్తప్రసరణ తగ్గుతుంది. ప్రయాణం ముగియగానే దాన్ని తీసేస్తే ఆ భాగంలోకి రక్తం ఒక్కసారిగా చేరి వాపు వస్తుందని అశ్వికదళాల్లో నమ్మకం. అందుకే ముందు నడుము పట్టీ వదులుచేసి, కొంతసేపయ్యాక జీను దించి, వీపును చేత్తో రుద్దేవారు. వేడి రక్తనాళాలను విప్పార్చుతుంది. పాత బిగుతుకు అది ఉపశమనం, అప్పుడే తగిలిన దెబ్బకు వాపు పెంచే కారణం. కాపడం ఎప్పుడు పెట్టాలన్నది ఎలా పెట్టాలన్నదానికన్నా ముఖ్యమైనది అందుకే.

బ్రిటిష్ సైనిక పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్ 1891లో జీనులపైనా వీపు పుండ్లపైనా ఒక కరదీపిక వెలువరించాడు. ఆ శీర్షికలోనే పుండుకన్నా ముందు జీను నిలవడం గమనార్హం. అయినా 1899–1902 నాటి దక్షిణాఫ్రికా యుద్ధంలో బ్రిటిష్ సైన్యం మూడు లక్షలకు పైగా గుర్రాలను పోగొట్టుకుంది. అతిశ్రమ, ఆకలి, కొత్త వాతావరణానికి అలవాటుపడే వ్యవధి లేకపోవడం అందుకు ప్రధాన కారణాలు. అంతటి అలసటలో బక్కచిక్కిన గుర్రానికి నిన్న సరిపోయిన జీను నేడు సరిపోదు. అలాంటి వీపుకు రాత్రి పెట్టిన కాపడం మర్నాటి సవారీ వరకే.