బాప్తిస్మం తరువాతి కథ: ఒంగోలు మాదిగ పల్లెల్లో కృప నిలిచిన తీరు

తెలుగు క్రైస్తవ చరిత్ర రాసిన ప్రతివారూ 1878 జులై 3 దగ్గర కాసేపు ఆగుతారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏటిలో, ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె చుట్టూ రెండు కథలు అల్లుకున్నాయి. మిషన్ పుస్తకాలు దీన్ని పెంతెకొస్తు దినంతో పోల్చి, అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ప్రార్థనలకు దొరికిన జవాబుగా చెప్పాయి. అవతలి పక్షం వారు కరువులో అన్నానికి అలమటించిన జనం గింజల కోసం మతం మారారని తేల్చేశారు. ఈ రెండు కథలకూ ఒకదానికొకటి పడదు. అయినా రెండూ ఏటి ఒడ్డునే ఆగిపోతాయి. నీళ్లలోంచి పైకి వచ్చినవాళ్లు మర్నాడు ఏ పనికి వెళ్లారు, ఎవరితో తగాదా పడ్డారు, పదేళ్ల తరువాత ఎక్కడున్నారు అనే ప్రశ్నలు రెంటికీ అక్కర్లేదు.

క్రైస్తవ విశ్వాసం ప్రకారం చూసినా ఇది సగం కథే. ఎఫెసీయులకు రాసిన పత్రికలో రక్షణ ఉచితమైన వరమనీ, క్రియలవల్ల కలిగేది కాదనీ పౌలు చెబుతాడు. పొందిన కృపను వ్యర్థం చేసుకోవద్దని కొరింథు సంఘాన్ని హెచ్చరించిందీ ఆయనే. పిసిదియలోని అంతియొకయలో పౌలు, బర్నబా కొత్తవాళ్లకు చెప్పిన మొదటి హితవు దేవుని కృపలో నిలిచి ఉండమనే అని అపొస్తలుల కార్యాల్లో ఉంది. పొందడం ఒక రోజు పని. నిలవడం జీవితమంతా సాగేది. మన చరిత్రకారులు మొదటిదాన్ని లెక్కగట్టి, రెండోదాన్ని వదిలేశారు.

మొదటి దశలు అందరికీ తెలిసినవే. 18వ శతాబ్దంలో జెస్యూట్ల కర్ణాటక మిషన్ రాయలసీమలో కొన్ని కుటుంబాలను చేర్చుకుంది. బెంజమిన్ షుల్జ్ బైబిలును తెనిగించినా అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నం వచ్చారు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో, 1842లో లూథరన్ మిషనరీ హెయర్ గుంటూరులో దిగారు. 1836లో మన దేశానికి వచ్చిన బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. అక్కడి పని ఎంతకీ పెరగకపోవడంతో మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1న మిషనరీ లైమన్ జువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారన్న కథను సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ దశలన్నిటిలోనూ ఇచ్చే చెయ్యి మిషనరీది, పుచ్చుకునే చెయ్యి తెలుగువాడిది అన్నట్టే చరిత్ర సాగుతుంది.

ఆ క్రమం మొదట తప్పింది కృష్ణా జిల్లా రాఘవాపురంలో. అక్కడి మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య ఏ మిషనరీ పిలవకముందే విగ్రహాల మీద నమ్మకం పోగొట్టుకుని, తెలియని దేవుణ్ని వెతకడం మొదలుపెట్టాడు. 1859లో బాప్తిస్మం పొందాక చుట్టుపక్కల పల్లెల్లో కబురు నడిపించిందీ ఆయనే. ఒంగోలు వైపు ఇలాంటి మనిషే ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరంలో ఆయన పల్లె. 1866లో భార్య నాగమ్మతో కలిసి వచ్చి బాప్తిస్మం అడిగాడు. అప్పటికి క్లౌ ఈ దేశానికి వచ్చి సుమారు ఏడాదే. భాష ఇంకా పట్టుబడలేదు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడితే సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో పేరయ్య పల్లెకు వెళ్లిన క్లౌకు బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్న జనం కనిపించారు. వాళ్లను సిద్ధం చేసింది పేరయ్య.

ఈ సిద్ధపాటు ఎక్కడిది? నా వాదనకు ఇదే మూలం. పేరయ్య అంతకుముందు బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. పోతులూరి వీరబ్రహ్మం పరంపర, నస్రయ్య మతం వంటి గురుమార్గాలు మాదిగ పల్లెల్లో అప్పటికే తిరుగుతున్నాయి. విగ్రహం వద్దనడం, రాత్రిళ్లు కూడి పాడుకోవడం, గురువు పెట్టిన నియమం తప్పకపోవడం ఆ మార్గాల్లో ఉన్నవాళ్లకు కొత్త కావు. ఇదంతా మనకు తెలియడానికి కారణం క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ముసలి బోధకులను కూర్చోబెట్టి వాళ్ల నోటి కథలు విని, 1899లో పుస్తకంగా తెచ్చింది. ఆమె సాక్ష్యాన్ని కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. ఆమె మిషనరీ, పైగా సామాజిక సిద్ధాంతాల మీద మోజున్న మనిషి. పాత మార్గాలన్నీ క్రీస్తు వైపుకే దారి తీశాయన్న వరస ఆమె కథల్లో మరీ నున్నగా కుదురుతుంది. కానీ ఆ నున్నదనం తీసేసినా ఒక నిజం మిగులుతుంది: కృపను పొందినవాడు నియమంలో నిలబడాలన్న భావం ఆ పల్లెల్లోకి ఓడెక్కి రాలేదు.

ఒంగోలు సంఘం కొత్తవాళ్లకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి చిన్న నిషేధాలే. మాదిగ బతుకులో పెట్టి చూస్తే వీటి బరువు తెలుస్తుంది. రైతుకు చెప్పులు, మోటకు తోలు, ఎద్దులకు వారులు ఇచ్చి, పొలంలో పిలిచినప్పుడల్లా పని చేస్తేనే కళ్లంలో గింజలు దక్కేవి. ఊళ్లో చచ్చిన గొడ్డు మీద హక్కు ఆ వెట్టిలో భాగం. పోలేరమ్మ, అంకమ్మ జాతరల్లో డప్పు కొట్టడమూ అంతే. కోతల రోజుల్లో ఆదివారం పనికి రానన్నా, జాతరకు డప్పు ఎత్తనన్నా మాదిగవాడు ఊరి కట్టునే కాదన్నట్టు. అందుకే పల్లె బాప్తిస్మం తీసుకున్నాక రైతులు పని మాన్పించారు, నీళ్లు తోడుకోనివ్వలేదు, కరణాలు దొంగ కేసులు బనాయించారు. ఈ గొడవలు 1867 నుంచే మొదలయ్యాయి. కడుపు నింపుకోవడానికే వచ్చినవాళ్లు కడుపు కొట్టే షరతులను ఎందుకు ఒప్పుకుంటారు?

ఒంగోలు కథలో తరచు వినిపించే ఇంకో ఘట్టం ఉంది. మాదిగలను చేర్చుకోకపోతే తాము వస్తామని ఊళ్లోని పై కులాలవాళ్లు క్లౌకు చెప్పారట. ఆ రాత్రి క్లౌ, ఆయన మొదటి భార్య హారియట్ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలోని ఒకే భాగం, దేవుడు లోకంలో ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్న సంగతి, కనిపించిందట. కథ బాగుంది, అబద్ధమనడానికి నాకు ఆధారమూ లేదు. కానీ దీన్నే ముఖద్వారంగా పెట్టిన చరిత్రలో నిర్ణయం దొరది అయిపోయింది. మాదిగలు మాత్రం అప్పటికే వచ్చేశారు. దొర చేయగలిగింది వచ్చినవాళ్లను వెళ్లిపొమ్మనకుండా ఉండటమే. ఆ పని ఆయన చేశాడు, ఆ గౌరవం ఆయనకు దక్కాలి.

ఇక కరువు సంగతి. 1876–78 కరువుకు ముందే ఒంగోలు సంఘంలో సభ్యులు మూడు వేలు దాటారు. బోధకులకు శిక్షణ ఇవ్వడానికి రామాపట్నంలో 1872 నుంచే వేదాంత పాఠశాల నడుస్తోంది. అంటే జనం, బోధకులు, నియమాలు అన్నీ కరువుకు ముందువే. కరువు ముదిరాక క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అది దానం కాదు, ప్రభుత్వపు పని, పనికి తగ్గ కూలి. ఆ కాలమంతా, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి పంచే చేతితోనే బాప్తిస్మం ఇస్తే ఏ మాట వస్తుందో ఆయనకు తెలుసు. సహాయపు పనులు ముగింపుకు వచ్చాక, 1878 జూన్ మధ్యలో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఏడాది చివరికి 9,606 మంది చేరారు.

అయితే ఇంతటితో గింజల కోసం మారారన్న వాదన వీగిపోయిందని నేననను. కాలువ దగ్గర మేస్త్రీలుగా ఉన్నది మిషన్ బోధకులే. పగలు పలుగూ పారా పట్టినవాళ్లకు విరామంలో వాక్యం చెప్పిందీ వాళ్లే. ఆదుకున్నవాళ్ల మీద కృతజ్ఞత, మళ్లీ కరువు వస్తే దిక్కెవరన్న భయం, చుట్టాలంతా వెళుతుంటే తామూ వెళ్లాలన్న తలపు, వీటిలో ఏదీ లేదని ఎవరు చెప్పగలరు? ఆత్మ పనినీ ఆకలి పనినీ విడదీసే త్రాసు చరిత్రకారుడి దగ్గర లేదు. నేను చెప్పేది ఇంతే: ఉద్దేశాన్ని బట్టి ఆ జనానికి తీర్పు తీర్చడం కుదరదు, తరువాతి బతుకును బట్టి కుదురుతుంది.

జులై 3న క్లౌ నీళ్లలోకి దిగలేదన్న సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, వంతుల వారీగా ఇద్దరిద్దరు. ఒడ్డున ఎవరిది ఏ పల్లె, ఎవరి నడత ఎలాంటిదని చెప్పిందీ ఆయా ప్రాంతాల బోధకులే. ఆ తరువాత ఈ జనాన్ని పట్టి ఉంచినదీ వాళ్లే. పల్లెలో ఉపాధ్యాయుడే బోధకుడు, బోధకుడే పంచాయతీ మనిషి. రాత్రిబడిలో అక్షరం, ఆదివారం ఆరాధన, కలరా వచ్చినప్పుడు అమ్మవారికి మొక్కబోయిన ఇంటికి వెళ్లి కూర్చోవడం, అన్నీ ఆయన పనులే. ఇళ్లల్లోకి వెళ్లి స్త్రీలకు నేర్పింది బైబిలు స్త్రీలు. పురుషోత్తమ చౌదరి వంటి వారి కీర్తనలు చదువు రానివాళ్ల నోట వేదాంతమయ్యాయి. జారిపోయినవాళ్లూ ఉన్నారు, వెలి వేయబడి తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. మిషన్ నివేదికలు చేరినవారి అంకెను పెద్దగా, ఈ సంగతులను పొడిగా రాశాయి. అసలు చరిత్ర ఆ పొడి వాక్యాల్లోనే ఉంది.

తరువాతి కాలంలో ఈ సంగతిని బాగా గ్రహించినవాడు దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య. 1912లో అభిషేకం పొందిన ఈ మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఊరి బోధకుల శిక్షణ మీదే తన బలమంతా పెట్టాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాడు తల మీద చెయ్యి పెట్టుకుని సువార్త చెబుతానని మాట ఇవ్వాలని పట్టుబట్టాడు. 1933లో వచ్చిన వాస్కం పికెట్ అధ్యయనం కంభం, గుంటూరు, కృష్ణా ప్రాంతాలను కూడా పరిశీలించి, మతం మారినప్పటి ఉద్దేశం కన్నా తరువాత దొరికిన పోషణే మనిషి ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించిందని తేల్చింది. పికెట్ కూడా మిషనరీయే, నిజమే. అయినా ఒంగోలు అనుభవం ఈ మాటకు ఎదురు చెప్పదు.

స్వాతంత్ర్యం తరువాత ఈ నిలకడకు కొత్త ధర కట్టింది రాజ్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కింద లెక్కకు రాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చినా క్రైస్తవులకు తలుపు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో సర్దుకోవాలి. దాంతో ఆదివారం ఒక పేరు, కాగితాల్లో ఇంకో పేరు అనే జీవితం అలవాటైంది. దీన్ని కపటమని తిట్టేవాళ్లు చర్చిలోపలా ఉన్నారు, బయటా ఉన్నారు. నాకు ఆ తిట్టు అన్యాయమనిపిస్తుంది. పేరయ్య కాలంలో కళ్లం గింజలు పోతే ఆ నష్టంలో పల్లె అంతా ఒక్కటిగా ఉంది. ఇవాళ సర్టిఫికెట్ పోతే నష్టపోయే పిల్లవాడు ఒంటరి.

ఇప్పటి పరిస్థితి మీద నా అభిప్రాయం కొంత కటువుగానే ఉంది. పొందడం ఇవాళ పెద్ద ఉత్సవమైంది. మైదానాల్లో స్వస్థత సభలు, టీవీల్లో, యూట్యూబులో సాక్ష్యాలు, దశమభాగం ఇస్తే రెట్టింపు వస్తుందన్న హామీలు. కృపను లాభంగా బోధిస్తే నష్టం వచ్చిన రోజున విశ్వాసికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. పాత మిషన్ సంఘాల్లో నిలబెట్టాల్సిన శక్తి ఆస్తి తగాదాలకు, ఎన్నికలకు ఖర్చవుతోంది. కులం చర్చి గడప దగ్గర ఆగలేదు. సంఘాలూ పెళ్లి సంబంధాలూ ఇప్పటికీ చాలాచోట్ల మాల, మాదిగ గీతల మీదే నడుస్తున్నాయి. వెట్టిని కాదన్న పల్లెల వారసులకు ఇది చిన్న ఓటమి కాదు.

అలాగని ఈ తీర్పును అందరి మీదా రుద్దలేను. పట్టణాల బస్తీల్లో రేకుల షెడ్డు కింద నడిచే స్వతంత్ర సంఘాల్లో, ఉపవాస ప్రార్థనలకు కూడే ఆడవాళ్ల మధ్య, ఒకప్పుడు పల్లె బోధకుడు చేసిన పని ఇంకా జరుగుతోంది. తాగుడు మానినవాణ్ని వారం వారం కనిపెట్టి ఉండేదీ, అప్పులో మునిగిన ఇంటికి బియ్యం పంపేదీ వాళ్లే. ఆ పనికి నివేదికలు లేవు, కెమెరాలూ అరుదు.

ఒంగోలు పల్లెల నుంచి నేను తీసే నిర్ధారణ ఇది. అక్కడ కృప నిలిచింది ఒక్కొక్కరి గుండె గట్టితనం వల్ల మాత్రమే కాదు. నిలబడటానికి అయ్యే ఖర్చును పల్లె పంచుకుంది, బోధకుడు పక్కనే కాపురమున్నాడు, తప్పినవాణ్ని అడిగే మనిషి ఉన్నాడు. రక్షణ ఉచితమే, దానిలో నిలకడ ఎప్పుడూ ఖర్చుతో కూడినదే. ఆ ఖర్చులో తన పాలు భరించని సంఘానికి విశ్వాసిని నిలకడగా ఉండమని అడిగే హక్కు తక్కువ.