ఊరి పొలిమేర దాటించే ఆకు

జపాన్‌లో, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో శరత్తు వస్తే జనం ఎర్రబారిన ఆకులు చూడటానికి కొండల బాట పడతారు. నల్లగొండ, పాలమూరు మెట్టనేలల్లో ఆ కాలానికి ఆకు రంగు మారదు. ఇక్కడి అడవి ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. అమ్రాబాద్ గుట్టల మీద మోదుగులు ఎర్రగా పూసేదీ ఆ రోజుల్లోనే. ఆశ్వయుజం వచ్చేసరికి వానలు వెనకపట్టు పట్టి, చెల్కల్లో ఆముదం, కంది ఏపుగా నిలిచి ఉంటాయి. గట్ల మీద తంగేడు, చేలల్లో గునుగు పూస్తాయి. అలాంటి వేళ ఊరంతటినీ ఇళ్లలోంచి బయటికి రప్పించే ఆకు ఒకటుంది. అది జమ్మి.

దసరా నాడు పొద్దు వాలుతుండగా డప్పు మోగుతుంది. ఆడా మగా, పిల్లా జెల్లా కొత్త బట్టలతో ఊరి బయటి జమ్మి చెట్టు దగ్గరికి నడుస్తారు. పూజయ్యాక చీటీ మీద జమ్మిని కొలిచే శ్లోకం రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లు రాసి కొమ్మలకు కడతారు. ఏడాదిగా మనసులో మోస్తున్న కోరికో దిగులో కూడా కొందరి చీటీల్లోకి ఎక్కుతుంది. తర్వాత గుప్పెడు ఆకు తుంచుకుని ఇళ్లకు మళ్లుతారు. అప్పట్నించి ఆ ఆకు పేరు బంగారం. చిన్నవాళ్లు దాన్ని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఈడువాళ్లు ఇచ్చిపుచ్చుకుని, అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకుంటారు. గట్టు తగాదాతో ముఖముఖాలు చూసుకోని ఇద్దరు ఆ సాయంత్రం ఎదురుపడ్డా, ఆకు చేతిలో పెట్టకుండా దాటిపోవడం మర్యాద అనిపించుకోదు. రాజీ కుదిర్చే పెద్దమనిషి అక్కర్లేని రాజీ అది.

ఈ ఆచారానికి పాండవుల కథ ఆధారమని అందరికీ తెలుసు. అజ్ఞాతవాసానికి ముందు వాళ్లు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీద. ఆ విరాటపర్వాన్ని 13వ శతాబ్దంలో తిక్కన తెలుగు చేశాడు. దీనికి రాజుల వైపు నుంచి మరో పాయ కలిసింది. వానాకాలం ముగిసి దారులు ఆరాక దండు కదిలేది; విజయదశమి నాడు పొలిమేర దాటడం, సీమోల్లంఘనం, ఆ కదలికకు శుభారంభం. తుంగభద్ర అవతల, హంపీలో, తొమ్మిది రోజుల మహానవమి ఉత్సవాన్ని 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కళ్లారా చూశాడు. పండుగ ముగిశాక రాయలు నగరం వెలుపల గుడారం వేయించుకుని సైన్యాన్ని తనిఖీ చేసిన తీరును వివరంగా రాశాడు. రాజులు పోయారు, దండ్లు పోయాయి. పొలిమేర దాటే నడక మాత్రం రైతుల పండుగలో మిగిలింది.

ఆడవాళ్లకు ఈ నడక ఇంకా ముందే మొదలవుతుంది. పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ తొమ్మిది రోజులు. పూలు అంగట్లో కొనే రోజులు రాకముందు తంగేడు కోసం, గునుగు కోసం చెలకలూ బీళ్లూ తిరగాల్సిందే. ఇంటిచాకిరీలో, కూలిపనుల్లో మునిగి ఉండే ఆడవాళ్లకు అది గుంపుగా, పాటలతో, ఎవరి అనుమతీ అడగకుండా బయట తిరగగలిగే కాలం. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది. తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి అయ్యాయి. మూడూ ఈ పదిరోజుల పండుగలోవే.

పాలమూరుకు దసరా మరింత దగ్గర కావడానికి వలస ఒక కారణం. వానలు చాలని ఈ జిల్లా నుంచి గుంపు మేస్త్రుల వెంట వెళ్లిన కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టి మోశారు. ముంబై, పుణెల్లో ఇళ్లు కట్టారు. ఏడాదంతా సిమెంటు దుమ్ములో, రేకుల షెడ్లలో బతికి పండక్కి ఊరొచ్చిన మనిషికి సొంత ఊరి చెట్టు కింద నాలుగు మాటలు, తనవాళ్ల ఆలింగనం ఏమిస్తాయో విడమరిచి చెప్పనక్కర్లేదు. చెట్టు చేసే మేలు పరిశోధనల్లోనూ కనిపించింది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి, కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే త్వరగా ఇల్లు చేరారని, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారని చూపాడు. అంతకు రెండేళ్ల ముందే జపాన్ అటవీ శాఖ అడవిలో తీరిగ్గా నడవమని ప్రజలను ప్రోత్సహించడం మొదలుపెట్టింది. జమ్మి చెట్టు దగ్గరి దసరాలో చెట్టూ ఉంది, నడకా ఉంది. వీటికి తోడు మనిషిని మనిషి హత్తుకోవడమూ ఉంది. ఆ మూడోది చాలా విలువైనది.

పాలపిట్టను చూడటం కూడా ఈ నడకలో భాగమే. చేల మీద ఎగిరేటప్పుడు దాని రెక్కల నీలం విచ్చుకుంటుంది. ఆ పూట కనిపిస్తే శుభమని నమ్మకం. నగరాల్లో దీన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్లు బయల్దేరారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రెక్కలు నలిగిన పక్షిని చూసి శుభం కోరుకోవడం పండుగకే అవమానం.

జమ్మి కరువును ఓర్చే చెట్టు. వేర్లు చాలా లోతుకు దిగుతాయి, నేలకు నత్రజని అందిస్తాయి, ఆకు మేకలకు మేత. రాజస్థాన్‌లో ఇదే ఖేజ్‌డీ. 1730లో ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవి సహా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఎమిరేట్స్‌కు ఇది జాతీయ వృక్షం. మన దగ్గర మాత్రం ట్రాక్టరు దున్నకానికి అడ్డమని గట్ల మీది జమ్ములు తీసేశారు. దాని దాయాది సర్కారు తుమ్మ బీళ్లనిండా అల్లుకుంది. చెట్టు పోయిన ఊళ్లలో ఎక్కడినుంచో కొమ్మ నరికి తెచ్చి గుడి ముందు పాతి, దానికే పూజ చేస్తున్నారు. పూజ జరుగుతోంది, నడక పోయింది.

2021 దసరా ముందు ఊరికో జమ్మి, గుడికో జమ్మి నాటాలన్న కార్యక్రమం రాష్ట్రంలో మొదలైంది. మంచి పనే. జమ్మి నింపాదిగా పెరిగే చెట్టు. తొలి ఏళ్లలో మేకల నుంచి కాపాడే కంచె కావాలి, చూసుకునే మనిషి కావాలి. గుడి ఆవరణలో అయితే ఈ రెండూ సులువు. అయినా ఒక మొక్కనైనా పంచాయతీలు పాత జాగాలో, పొలిమేర అవతల, బండ్లబాట పక్కన నాటించాలి. గుడి దాకా నాలుగడుగులు వేసి తిరిగొచ్చే దసరాకు, చేల మధ్య మైలు దూరం ఊరంతా కలిసి నడిచే దసరాకు చాలా తేడా ఉంది.