తెర మీది కారు, మ్యూజియంలో కారు



పట్టుచీర చేతిలోకి తీసుకోగానే అది అసలు జరీయా, ఉత్త జరీయా అన్నది మనం ఇట్టే చెప్పేస్తాం. ఇత్తడి బిందె అంచు చూసి, ఇది అమ్మమ్మల కాలం నాటిదని గుర్తుపడతాం. ఆ కన్నే కాస్త పాత కార్ల మీద కూడా పెట్టి చూడండి. పాత టీవీ సీరియళ్ళలోనూ, మ్యూజియాల్లోనూ కనబడే కార్లకు పెద్ద చరిత్రే ఉంది. "కార్లూ గీర్లూ మగవాళ్ళ గొడవ కదండీ!" అంటారేమో. అవునో కాదో చివర్లో మీరే చెప్పండి.

ముందు పేరు సంగతి. పాతబడ్డ ప్రతి కారునూ మనం వింటేజ్ కారు అనేస్తాం. బ్రిటన్‌లో లెక్క ప్రకారమైతే 1919 - 1930 మధ్య తయారైనవే వింటేజ్ కార్లు. అంతకు ముందువాటికీ, తర్వాతివాటికీ వేరే పేర్లున్నాయి. వాడుకలో మాత్రం అన్నీ ఒక గాటనే కట్టేస్తున్నాం.

ఇక టీవీ మాట. "కొలంబో" అనే అమెరికన్ సీరియల్ 1971లో మొదలైంది. నలిగిపోయిన కోటు వేసుకుని, ఏమీ తెలియనట్టు నటిస్తూ హంతకులను పట్టే డిటెక్టివు కథ. ఆయన కోటు ఎంత నలిగిందో, కారూ అంత డొక్కుగా ఉంటుంది. అది ఫ్రాన్సులో తయారైన పెజో 403. స్టూడియోలో ఉన్న కార్లలోంచి దాన్ని ఏరుకున్నది ఆ వేషం వేసిన పీటర్ ఫాక్ గారే. చూడ్డానికి డొక్కే గాని, అరుదైనది సుమండీ! 403 రకం కార్లు మొత్తం పది లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో టాపు మడిచే రకం సుమారు 2,000 మాత్రమే. అంచేత ముఖం ఒక్కటే చూసి కారును పోల్చుకోకూడదు. టాపు చూడాలి, తలుపులు లెక్కపెట్టాలి.

ఇంకొక కారు కథ ఇంతకన్నా చిత్రం. 1955లో లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారును ఇటలీలోని ట్యూరిన్ నగరంలో గియా కంపెనీ పనివాళ్ళు చేత్తో తయారుచేశారు. కూర్చునే ఇద్దరి తలల మీదా రెండు గాజుబుడగల్లాంటి మూతలు! 1959లో ఒక సినిమాలో కూడా కనబడింది. తర్వాత జార్జ్ బారిస్ అనే ఆయన చేతికి వచ్చింది. 1966లో మొదలైన "బ్యాట్‌మ్యాన్" టీవీ సీరియల్ కోసం ఆయన దాన్నే కోసి, అతికి, నల్లరంగు వేసి బ్యాట్‌మొబైల్‌గా మార్చేశాడు. 2013లో వేలంపాటలో అది 40 లక్షల డాలర్లకు పైనే పలికింది. చూశారా, పాత పట్టుచీర కోసి లంగా కుట్టినట్టయింది. లంగాకు పేరొచ్చింది, చీర మాత్రం ఇక లేదు. పైగా ఆ బ్యాట్‌మొబైల్‌కు నకళ్ళూ ఉన్నాయి. ఎక్కడైనా కనబడితే, ఇది అసలుదా, నకలా అని అడగాల్సిందే.

మ్యూజియంలోనూ అదే ప్రశ్న వెయ్యాలి. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల మొదటి కారు జర్మనీలో, మ్యూనిక్ నగరంలోని డాయిష్ మ్యూజియంలో ఉంది. లోకంలో మరెన్నో చోట్ల కనబడేవి దాని నకళ్ళు. పక్కనున్న బోర్డు చదివితే గాని తేడా తెలియదు.

ఆ బోర్డులు చాలాకాలం చెప్పని సంగతి ఇంకొకటుంది. బెంజ్ వ్యాపారం మునిగిపోకుండా ఆదుకున్నది ఆయన భార్య బెర్తా. పెళ్ళికి ముందే, 1871లో, తన కట్నం సొమ్ము ముందుగా తెప్పించి పెట్టుబడిగా ఇచ్చింది. కారు తయారైనా కొనేవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఆవిడ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి కారులో బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో మరకలు తుడిచే ద్రావకం కొని పోసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టే అతనిచేత తోలు తాపడం వేయించింది. కారు మీద నలుగురికీ నమ్మకం కుదిర్చింది ఆ ప్రయాణమే. అయినా పేటెంటు కాగితం మీద ఉన్నది భర్త పేరొక్కటే. అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, ఆయన పేరు చేరిన చాలా ఏళ్ళకు గాని, 2016లో గాని, బెర్తా పేరు చేరలేదు.

ఇంత దూరం వెళ్ళలేమంటారా? హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళండి. పసుపురంగు రోల్స్ రాయిస్ ఒకటుంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. 1911లోనే ఆయన పోవడంతో ఏడో నిజాం చేతికి వచ్చింది. లోపల సింహాసనం లాంటి ఎత్తు పీట చూడటం మరచిపోకండి.

చివరిగా ఒక మాట. మీ ఇంట్లోనూ పాత కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఉండే ఉంటుంది. కారు ఏ కంపెనీదో పిల్లలు ఎలాగో కనుక్కుంటారు. పక్కన నిలబడ్డ ఆవిడ ఎవరన్నది మాత్రం మీరు చెబితేనే తెలుస్తుంది. ఇవాళే ఆ ఫోటో వెనక పేర్లు రాసి పెట్టండి. మరి సెలవు.