చెరువునకు చేపవిత్తు

చెరువనగానే మనకు వరిపొలము తలపునకు వచ్చును. కాకతీయుల నాడు, 13వ శతాబ్దమున వెలసిన పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. అయితే నిండిన చెరువు జాలరులకు మరియొక పొలము.

ఈ పొలమునకు విత్తు ఎక్కడిది? కొర్రమీను నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టి పిల్లలను కాచుకొనును. బొచ్చె, శీలావతి వంటి పెద్దజాతి చేపలకు మాత్రము వానకాలపు పారునీరు కావలెను. అవి చెరువులో ఎదుగునే గాని, సామాన్యముగా అచట గ్రుడ్లు పెట్టవు. అందుచే పూర్వము వరదలనాడు నదులలో గ్రుడ్లను, పిల్లలను పట్టి చెరువులకు తరలించెడివారు. దారిలో ఎన్నియో చచ్చెడివి. మిగిలినవానిలో తోటిచేపలను మ్రింగు వాలుగ వంటివియు కలిసి వచ్చెడివి.

1957లో ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఈ చిక్కు విప్పెను. చేపల పీయూషగ్రంథి సారమును తల్లిచేపలకు సూదితో ఎక్కించి, నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టించెను. ఆ జూలై 10వ తేదీనే నేడు మనము జాతీయ మత్స్యకృషీవల దినముగా జరుపుకొనుచున్నాము.

విత్తు దొరికినంతనే పంట పండదు. పూడిక నిండిన చెరువు వేసవి ముదురకమునుపే ఎండును. చేప ఎదుగకుండగనే వల వేయవలసి వచ్చును. 2015లో మిషన్ కాకతీయ పేర ఆరంభమైన పూడికతీత సేద్యమునకే గాక వలకును మేలు చేయునట్టిది. కట్టను, తూమును కాచినట్లే చెరువు లోతును గూడ మనము కాచుకొనవలెను.